పనికి అర్హులు, నివాసమునకు అనర్హులు

జగ్గయ్యపేటలోగాని నందిగామలోగాని పెండ్లికొడుకు యోగ్యతను నిర్ణయించుటకు నేడు మూడు ప్రశ్నలు చాలుచున్నవి. ఏమి చదివినాడు? ఏ దేశమున నున్నాడు? కార్డు వచ్చినదా? మొదటి రెండింటికిని తలిదండ్రులు తల యెత్తి జవాబు చెప్పుదురు. మూడవదానికి మాత్రము 'దరఖాస్తు పెట్టినారు, రేపో మాపో వచ్చును' అని చెప్పి, వచ్చినవారికి కాఫీ అందినదో లేదో విచారించుటకు లేతురు. ఈ రేపుమాపులలో పదేండ్లు గడచినవారు మనలో కలరు. కార్డు రాకమునుపే, ఆ పెండ్లికి పుట్టిన బిడ్డలు హైస్కూలు ముగించినవారును కలరు. అయినను ఈ సంగతిని పదుగురిలో మాటాడుట మర్యాద కాదని మన పట్టణముల ఆచారము. మర్యాద పేర సత్యము మరుగుపడియుండుట ఇక చాలునని మా యభిప్రాయము.

ముందు ఈ కార్డు ఎట్లు వచ్చునో, ఎందులకు రాదో తెలిసికొనవలయును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడుటకు మనవారు నడచు త్రోవ ఉద్యోగమార్గము. మొదట హెచ్-1బి యను వీసా. అది మూడేండ్లు, మఱి మూడేండ్లు, వెరసి ఆరేండ్లకు ఇచ్చు తాత్కాలికపు అనుమతి. ఆ గడువులోపల కంపెనీవారు 'ఈ పనికి మా దేశస్థుడు దొరకలేదు' అని కార్మికశాఖకు ఋజువు చూపవలయును. పిమ్మట ఐ-140 అను అర్జీని వలసశాఖకు పంపవలయును. ఈ అర్జీదారు ఎవరు? కంపెనీ. మనవాడు కాడు. మనవాడు ఆ అర్జీలో వర్ణింపబడిన సరకు మాత్రమే. అర్జీ మంజూరైనంత మాత్రమున కార్డు రాదు. వరుసలో చోటు దొరకును. ఆ చోటునకు గుర్తుగా ఒక తేదీ యిత్తురు. దానినే ప్రయారిటీ డేట్ అందురు. ఆ తేదీ వంతు వచ్చువరకు మనుష్యుడు వేచియుండవలయును. వేచియున్నంతకాలము తాత్కాలిక వీసాను పొడిగించుకొనుచు పని చేయవచ్చును. పనికి అడ్డు లేదు. పన్నుకు అసలే అడ్డు లేదు.

వరుస ఎంత పొడవు? 1990వ సంవత్సరపు చట్టము ఉద్యోగమార్గమున ఏటికి 1,40,000 స్థిరనివాసములను ఏర్పరచినది. ఏ యొక్క దేశమున పుట్టినవారికిని నూటికి 7 పాళ్లకు మించి ఈయరాదని ఆంక్షయు పెట్టినది. భార్యాబిడ్డలను గూడ ఈ లెక్కలోనే చేర్చెదరు. మనవారు మిక్కిలిగా నిలుచు రెండవ తరగతికి వచ్చు భాగము 40,040. అందులో 7 పాళ్లన దాదాపు 2,800. కుటుంబమునకు నలుగురు చొప్పున లెక్కించినచో ఏడువందల ఇండ్లు! ఇతర దేశములవారు వాడుకొనగా మిగిలినవి కొన్ని సంవత్సరములలో మనకు దొరకుట నిజమే. కాని మిగులును నమ్ముకొని కాపురము పెట్టగలవా రెవరు? 140 కోట్లు దాటిన భారతదేశమునకును, నాలుగు లక్షలైనను నిండని ఐస్‌లాండునకును ఒకే కొలపాత్ర. దీనిని సమానత్వ మందురు.

ఆ దేశపు విదేశాంగశాఖ నెలనెలా వీసా బులెటిన్ అను పట్టికను ప్రకటించును. 2025 ఏప్రిలు మొదలు సెప్టెంబరు వరకు ఆ పట్టికలో రెండవ తరగతి భారతీయుల తేదీ 2013 జనవరి 1 వద్దనే నిలిచియుండెను. పండ్రెండేండ్లకు పూర్వము వరుసలో చేరినవాని వంతు అప్పటికి వచ్చినదన్నమాట. ఆరు పట్టికలలోను ఒక్క దినమైనను ముందుకు జరుగలేదు. మఱి నేడు క్రొత్తగా చేరువాని గతి యేమి? వాషింగ్టనులోని కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో వేసిన లెక్క ప్రకారము అతడు 134 ఏండ్లు వేచియుండవలయును. పెండ్లిపీటలపై పురోహితుడిచ్చు దీవెన నూరేండ్ల యాయుస్సునకే. అది యంతయు ఫలించినను ఈ వరుస ముగియదు.

ఇందు మమ్ము నొప్పించునది ఆలస్యము కాదు, ఆలస్యమునకు చెప్పు కారణము. విద్య చాలలేదనినచో చదువుకొందుము. జీతము చాలలేదనినచో సంపాదింతుము. ఈ ఆంక్ష వానిని దేనిని అడుగదు. నీవు ఎచ్చట పుట్టితివి? అంతియే. మనవాడు ముప్పదియేండ్లు ఆ దేశముననే యుండి, అక్కడనే పట్టము పుచ్చుకొని, అక్కడనే ముసలివాడైనను అతడు నందిగామ ఆసుపత్రిలో పుట్టెనన్నదే లెక్క. ఒకే కంపెనీలో ఒకే బల్ల దగ్గర కూర్చుండు పోర్చుగలు దేశస్థునికి ఈ పొడవైన వరుస లేదు. నేర్పును బట్టి పనికి పిలిచి, పుట్టుకను బట్టి నివాసమునకు ఆపుట నీతియా? కులమును బట్టి మనుష్యుని నిలుపు దురాచారమును మనలో మనము ఖండించుకొనుచున్నాము. సర్వమానవులును సమానముగా సృజింపబడిరని తన పుట్టుపత్రములోనే వ్రాసికొన్న దేశము ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసియున్నది.

ఆ దేశపు ద్వారమున మనవారు పుట్టుక కారణముగా నిలువబడుట ఇది మొదటిసారి కాదు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు, భారతీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరుడు కాజాలడని తీర్పు చెప్పెను. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు ప్రయోగశాలలో చేరినది ఆ దశాబ్దముననే. ఫాస్ఫరసును కొలుచుటకు ఫిస్కెతో కలిసి 1925లో వారు ప్రకటించిన పద్ధతి ప్రపంచమంతటి ప్రయోగశాలల కెక్కినది. లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వమున జరిగిన కృషివలన ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ లోకమునకు దక్కినవి. 1946లో గాని భారతీయునికి పౌరసత్వపు ద్వారము తెరువలేదు. వలసకు తెరచినదైనను ఏటికి నూరుమందికి! 1948లో సుబ్బారావుగారు ఆ దేశపు పౌరులు కాకయే గతించిరి. వారి ఔషధములు మాత్రము ఏ వరుసలోను నిలువకుండ ఆ దేశపు ప్రతి గృహమునకును చేరినవి. 1965 చట్టము జాతిని బట్టిన వాటాలను రద్దు చేసి గొప్ప కీర్తి గాంచినది. ఒక్కొక్క దేశమునకు ఇంత యను హద్దు మాత్రము నిలిచియే యున్నది. పేరు మారినది, తూనిక పుట్టుకతోనే.

తాత్కాలికుడుగా ఇరువదియేండ్లు బ్రదుకుట యెట్టిదో జీతపు అంకెలలో కనబడదు. ఉద్యోగము పోయినచో 60 దినములలో మఱియొక యజమానిని వెదకుకొనవలయును, లేదా ఇల్లు, పిల్లల బడి, సామాను సర్వమును విడిచి విమానమెక్కవలయును. యజమానిని మార్చుకొనవచ్చును గాని, క్రొత్త యజమాని ఋజువులు, అర్జీ మరల మొదటినుండి పెట్టవలయును. తేదీ యొక్కటి నిలుచును. కావున పై యధికారి అన్యాయము చేసినను నోరు మెదపనివాడు వివేకవంతుడనిపించుకొనుచున్నాడు. మూడేండ్ల వయసున తలిదండ్రుల వెంట పోయిన బిడ్డకు ఇరువదియొక్కటి నిండునప్పటికి వంతు రానిచో, ఆ బిడ్డ తలిదండ్రుల అర్జీనుండి జారిపోవును. తెలుగు సరిగా రాని ఆ బాలిక, పరాయి విద్యార్థినిగా వీసా తెచ్చుకొని తాను పెరిగిన ఊరిలోనే చదువుకొనవలయును. లేదా తాను చూచి యెరుగని స్వదేశమునకు తిరిగి రావలయును. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రములోని ఒలేతలో హైదరాబాదు వాస్తవ్యుడగు కూచిభొట్ల శ్రీనివాస్ జాతిద్వేషమునకు బలియైనప్పుడు, లోకము ఆ హత్యను గూర్చి దుఃఖించినది. కాని భర్త మరణముతో భార్య సునయనగారికి ఆ దేశమున నుండు హక్కు సైతము పోయెనని ఎందరికి తెలియును? ఆ రాష్ట్రపు కాంగ్రెసు సభ్యుడొకడు పూనుకొనగా ఆమెకు తాత్కాలికానుమతి దొరకినది. వితంతువు నివాసము ఒక ప్రతినిధి దయాధర్మముపై నిలువవలసివచ్చెను.

'వారి దేశము, వారి ద్వారము. ఎవరిని రానీయవలయునో వారి యిష్టము' అని కొందరు మిత్రులు మాతో వాదింతురు. ఈ మాటలో పూర్వపక్షము చేయదగినది ఏమియు లేదు. మన ద్వారముపై మన యధికారము కొరకు ఒక తరము చెరసాలలకు పోయినది. ఇతరుల యధికారమును మేమెట్లు కాదనగలము? రావద్దనినచో మానుదుము. రమ్మని, పని చేయించుకొని, పన్నులు పుచ్చుకొని, ఇరువదియేండ్లు గడచినను 'నీవు తాత్కాలికుడవు' అనుటను మాత్రము ఆతిథ్యధర్మము అనజాలము. ద్వారము మూయుట వేఱు, గడపపై నిలిపి దళసరి పనులు చేయించుకొనుట వేఱు.

వేఱొక తెగవారు పోయినవారినే దూషింతురు. తల్లిదేశము పెంచగా పరదేశమునకు పోయిన కృతఘ్నులట! ఈ దూషణమును మేము అంగీకరింపము. మన మెట్టసీమ సంగతి యెరిగినవారెవ్వరును ఈ మాట అనరు. ప్రత్తి, మిరప వేసి, వాన కొరకును ధర కొరకును ఒకే ఆకాశమువైపు చూచు రైతు తన కుమారుని ఇంజనీరింగు కాలేజీకి పంపినది ఆ ఆకాశమునుండి తప్పించుటకే. జగ్గయ్యపేట చుట్టును సున్నపురాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు కలవు గాని, కాలేజీలనుండి ఏటేట వెలువడు పట్టభద్రులందరకును వానిలో కుర్చీలు లేవు.

అంతియేగాక నేర్పరి ఊరు విడిచి పోవుట మన సీమకు క్రొత్తయా? జగ్గయ్యపేట ప్రక్కనున్న ధనబోడు దిబ్బపై 1882లో బర్జెస్ దొర బౌద్ధస్తూపమును త్రవ్వించినప్పుడు ఆయకస్తంభములపై శాసనములు బయటపడినవి. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి ఆ స్తంభములను దానము చేసెనని వానివలన తెలియుచున్నది. ఈ సిద్ధార్థుడు స్థానికుడు కాడు. అతని తండ్రి కమ్మరాష్ట్రములోని నడతూరు గ్రామమునకు చెందిన శిల్పి. సిద్ధార్థుడు మహాకందూరున నివసించుచుండెను. పుట్టిన వంశపు ఊరును, కాపురమున్న ఊరును, చేతి పనిని ఒకే వాక్యమున చెక్కించి, ఏ సంకోచమును లేక వెలగిరిపై నిలిపినాడు. నేర్పు ఒకచోట, పుట్టుక ఒకచోట, కాపురము ఒకచోట యుండుట ఆ నాటివారికి లోపముగా తోచలేదు. ఆ రాళ్లలో కొన్ని నేడు చెన్నపట్టణపు మ్యూజియమున నున్నవి. అవియు వలస పోయినవే.

ఈ బంధమును పూర్వపు బర్మా వలసతో పోల్చువారు కలరు. గోదావరి, విశాఖపట్టణపు తీరములనుండి మేస్త్రీ యిచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి రంగూను రేవునకు పోయిన తెలుగు కూలీ, లక్షల జీతమందు నేటి ఇంజనీరు సమానులని మేము అనము. అట్లనుట ఆ కూలీ కష్టమును తక్కువ చేయుట. 1930 మే నెలలో రంగూను రేవులో సమ్మె విరిసిన వెంటనే ఆ తెలుగువారిపై బడిన కత్తులను మన పెద్దలు మరువలేదు. అయినను పోలిక ఒక్కచోట కుదురును. అక్కడను ఇక్కడను మనుష్యుని నివాసమునకు మూలము అతని హక్కు కాదు, వేఱొకని అవసరము. అవసరము తీరిననాడు చూపువలయు పత్రము అతనివద్ద ఉండదు.

ఆ దేశపు రాజనీతి ఏ దిక్కునకు పోవుచున్నదో ఒకే దినమున వెలువడిన రెండు ఉత్తరువులు చెప్పుచున్నవి. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంపు క్రొత్త హెచ్-1బి అర్జీపై లక్ష డాలర్ల రుసుమును విధించెను. ఆ దినముననే 'గోల్డ్ కార్డు' అను ఉత్తరువును వ్రాసి, పది లక్షల డాలర్లను ప్రభుత్వమునకు కానుకగా నిచ్చినవానికి స్థిరనివాసమునకు త్రోవ చూపెను. నేర్పున్నవానికి సుంకము, డబ్బున్నవానికి స్వాగతము. మొదటి ఉత్తరువుపై ఆ దేశపు న్యాయస్థానములలో వ్యాజ్యములు పడినవి. వాని ఫలిత మెట్లున్నను, అంతరంగము బయటపడినది.

ఇక మన యింటి సంగతి. ఇచట మేము మృదువుగా వ్రాయజాలము. ఈ నిరీక్షణను అంగడిసరకుగా మార్చినవారు మనవారే. నందిగామ బస్టాండునుండి హైదరాబాదు అమీర్‌పేట వరకు ఈ రహదారి పొడవునను వ్యాపించిన కన్సల్టెన్సీ బోర్డులు చూడుడు. వానిలో నిజాయితీగలవియు నుండవచ్చును. కాని లేని అనుభవమును ఉన్నట్లు పత్రములు సృష్టించువారును, ఒకని బదులు మఱియొకడు టెలిఫోనులో ఇంటర్వ్యూ ఇచ్చు ఏర్పాటు చేయువారును, 'కార్డు వరకు మాదే పూచీ' అని బొంకువారును ఆ బోర్డుల చాటుననే కలరు. కార్డుకు పూచీపడు శక్తి అమెరికా కాంగ్రెసునకే లేదు; రెండు గదుల దుకాణమునకు ఎక్కడిది? 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము మోసమై మూతపడినప్పుడు, చిక్కుకొన్న తెలుగు పిల్లలలో కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తొడిగిరి. అది చాలలేదు. 2019 జనవరిలో మిచిగన్‌లో 'ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము' పేర అచటి వలసశాఖ గూఢచారులే పన్నిన వలలో మొదట పట్టుబడినవారిలో 129 మంది భారతీయ విద్యార్థులు. మిక్కిలిమంది తెలుగువారు. వల పన్నిన ప్రభుత్వమును నిందింపవచ్చును. కాని కమీషను కొరకు విద్యార్థులను ఆ వలలోనికి తోలి, నేరమొప్పుకొన్న ఎనమండుగురు దళారులును తెలుగు పేరులవారే యనుటకు మనము సిగ్గుపడవలయును.

ఈ అంగడికి పెట్టుబడి యెక్కడిది? మెట్ట పొలము. 2014 తరువాత అమరావతి వార్తతో నందిగామ ప్రాంతమున ధరలు పెరిగినప్పుడు, ఎకరమో రెండెకరములో అమ్మియో తాకట్టు పెట్టియో పిల్లవానిని పంపినవారు అనేకులు. అప్పు తీరుటకు ముందే కార్డు వచ్చునని లెక్క వేసికొనిరి. ఆ లెక్కనే ఆధారముగా చేసికొని కట్నములును పెరిగినవి. చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి, వీసా వచ్చిన పిదప నూటయెనిమిది చేయువారి భక్తిని మేము పరిహసింపము. ఆ నూటయెనిమిది ముగించి యింటికి వచ్చునప్పుడైనను, వీసా వేఱు, కార్డు వేఱు అని వారికి ఎవరైనను చెప్పవలదా?

మన ప్రభుత్వమువారి శ్రద్ధ మఱియొక విచిత్రము. అమెరికా వీసా రుసుములు పెంచగా 2016లో భారత ప్రభుత్వము ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసినది. రుసుము కంపెనీల భారము. వరుస మనుష్యుల భారము. మొదటిదానికై చూపిన పట్టుదల రెండవదానికై చూపినట్లు మాకు కనబడలేదు. పదేండ్లు నిండకమునుపు తిరిగివచ్చు మన ఉద్యోగి అచటి సోషల్ సెక్యూరిటీకి కట్టిన సొమ్ము నష్టపోకుండ ఇరుదేశముల నడుమ ఒడంబడిక కావలయునని ఏండ్ల తరబడి మాటలు సాగుచున్నవి. ఒడంబడిక లేదు. 1983 వలస చట్టము ఉద్యోగమునకు మనుష్యులను పంపు ఏజెంటును రిజిస్టరు కమ్మనినది. చదువు పేర పంపు దుకాణమును ముట్టలేదు.

ఆ దేశమున మన పక్షమున నిలిచిన శాసనకర్తలు లేకపోలేదు. ఉద్యోగమార్గమున దేశపు హద్దును తొలగించు బిల్లు 2019 జూలై 10న ప్రతినిధి సభలో 365 ఓట్లకు 65 ఓట్లుగా నెగ్గినది. సెనేటు 2020 డిసెంబరులో మార్పులతో ఒప్పుకొన్నది. రెండును కలియక ఆ బిల్లు మురిగిపోయినది. హద్దు తీసినచో వరుస ముందుభాగ మంతయు భారతీయులకే పోవునని ఇతర దేశములవారు భయపడిరి. వారి భయము నిరాధారము కాదు. హద్దు తీయుటతోపాటు 1990 నాటి 1,40,000 అంకెను పెంచుటయే దానికి మందు. అమెరికాలోని తెలుగు సంఘములు ఫార్మింగ్టన్ విద్యార్థులకు న్యాయసహాయము చేసినవి, అందులకు కృతజ్ఞులము. మహాసభలకు సినిమా తారలను రప్పించు ఉత్సాహములో నాల్గవవంతు ఈ బిల్లుకు వెచ్చించినచో ఇంకను సంతోషింతుము.

కెనడా, ఆస్ట్రేలియాల త్రోవ వేఱు. అక్కడ వయసు, చదువు, భాష, అనుభవములకు మార్కులు వేయుదురు. అర్జీ పెట్టువాడు తానే, కంపెనీ కాదు. పుట్టిన దేశమునకు మార్కులు లేవు. గౌరవమును బట్టి చూచినచో ఇది మేలైన పద్ధతి. అయినను అక్కడను తూనికరాళ్లు మారుచుండును. చేతనున్న ఉద్యోగమునకు కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇచ్చుచున్న మార్కులను 2025 మార్చి 25న తీసివేసిరి. ముప్పది దాటినప్పటినుండి ఏటేట మార్కులు తరుగును. ఇంగ్లండులో అయిదేండ్లకు వచ్చు స్థిరనివాసమును పదేండ్లకు పొడిగింతుమని 2025 మేలో అచటి ప్రభుత్వము ప్రతిపాదించెను. ఇవి తెలిసి పోవువాడు పోవుగాక.

మేము కోరునది స్వల్పము. విదేశవిద్యా కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషను, పూచీపత్రము, శిక్ష ఉండునట్లు రాష్ట్ర ప్రభుత్వము చట్టము చేయవలయును. ఈ సీమనుండి పార్లమెంటునకు పోయిన ప్రతినిధి, వరుసలో నిలిచిన తెలుగువారి బిడ్డలు ఇరువదియొక్కటి నిండి జారిపోవుచుండ విదేశాంగశాఖ ఏమి చేసినదో సభలో అడుగవలయును. రాబోవు పర్యటనకు ఆయన నందిగామకు వచ్చినప్పుడు దండలతోపాటు ఈ ప్రశ్నను గూడ ఇయ్యుడు. సంబంధము మాటాడువారు కార్డు వచ్చినదా యని అడుగుట మాని, తేదీ యేది, తరగతి యేది, అర్జీ పెట్టినదెవరు అని అడుగవలయును. జవాబు చెప్పుటకు వెనుదీయువారివద్ద కాఫీ త్రాగి లేచి రావచ్చును. జగ్గయ్యపేట, నందిగామ పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి మఱియొకటి. వీసా బులెటిన్ నెలనెలా వెలువడును, ఉచితముగనే దొరకును. అందులో మనకు కావలసినవి రెండే వరుసలు. వానిని తెలుగున వ్రాయించి, మిరప ధరలు వ్రాయు బల్ల ప్రక్కన అంటించుటకు ఒక కాగితము, నాలుగు మేకులు చాలును.